భూకంపంలో కట్టడాలను కాపాడే సాగే కట్లు: తిరుపతి, చిత్తూరు జిల్లాలవారు తరచుగా అడిగే ప్రశ్నలు

కట్టడాల బలం లెక్కగట్టే వృత్తిలో ఉన్నందువల్ల ఇల్లు కట్టుకునేవారు, అపార్టుమెంటు సంఘాలవారు, గుడి ధర్మకర్తలు, ఆసుపత్రి నిర్వాహకులు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. ఇందులోని అంకెలు విషయం అర్థం కావడానికి ఇచ్చినవి. మీ కట్టడానికి కావలసిన కొలతలు మీ నేలను, మీ గోడలను స్వయంగా చూసిన ఇంజనీరు చేత వేయించుకోవాలి.

సాగే కట్టు అంటే ఏమిటి?

భూమి కదిలినప్పుడు గోడనో, దూలాన్నో, ఒక వస్తువునో కొంత మేర కదలనిచ్చి, ఆ హద్దు దాటకుండా పట్టి ఉంచే ఏర్పాటును నేను ఇక్కడ సాగే కట్టు అంటున్నాను. పునాదికీ భవనానికీ మధ్య పెట్టే రబ్బరు బేరింగు, వంతెన దూలాలను కలిపే ఉక్కు తీగతాడు, రాతి గోడకు రెండు వైపులా తొడిగే ప్లాస్టిక్ పట్టీల వల, మిద్దె మీది ట్యాంకుకు వేసే పట్టీ అన్నీ ఈ కుటుంబానికి చెందినవే. గొడ్డును గుంజకు కట్టే రైతు పలుపును కొంత వదిలి కడతాడు. మెడకు ఆనించి బిగిస్తే పశువు బెదిరిన క్షణంలో గుంజ పెరుక్కొని రావడమో, మెడకు ఉరి పడడమో జరుగుతుంది; మరీ వదిలేస్తే అది పక్కవాడి చేలో పడుతుంది. ఎంత వదలాలి, ఎక్కడ పట్టాలి అన్నదే ఈ విద్యలోని అసలు కష్టం.

మన ప్రాంతానికి భూకంప భయం నిజంగా ఉందా?

హిమాలయాల అంచున ఉన్న ఊళ్లకు ఉన్నంత భయం మనకు లేదు, అలాగని అసలు లేదనీ చెప్పలేము. కట్టడాలను భూకంపానికి తట్టుకునేలా రూపకల్పన చేయడానికి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 1893 మొదటి భాగం 2016 సంచిక దేశాన్ని రెండు నుంచి ఐదు వరకు నాలుగు జోన్లుగా విభజించింది; అంకె పెరిగేకొద్దీ ప్రమాదం ఎక్కువ. మనకు ఈశాన్యాన ఉన్న నెల్లూరును, దక్షిణాన ఉన్న చెన్నై, వేలూరులను అది మూడో జోన్‌లోనూ, పడమరన ఉన్న బెంగళూరును రెండో జోన్‌లోనూ చూపింది. మన రెండు జిల్లాలు వీటి నడుమ ఉన్నాయి. మూడో జోన్ అంటే, ఊహించదగిన అతి తీవ్రమైన భూకంపంలో నేల పక్కకు పొందే త్వరణం గురుత్వ త్వరణంలో 0.16 వంతు ఉండవచ్చని లెక్కలోకి తీసుకోవడం. ఇంజనీరు ఎప్పుడూ అప్పటికి అమల్లో ఉన్న సంచికనే చూడాలి.

దక్షిణాది పీఠభూమి కదలని రాయి అన్న నమ్మకం మనలో బలంగా ఉంది. 1967 మార్చి 27న ఒంగోలులోనూ, 1969 ఏప్రిల్ 13న భద్రాచలంలోనూ ఐదుకు పైబడిన తీవ్రతతో భూమి కంపించింది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారి నేలమట్టమైనప్పుడు ఆ ప్రాంతం అప్పటి పటంలో అన్నిటికన్నా తక్కువ ప్రమాదం గల మొదటి జోన్‌లో ఉండేది. అక్కడ వేలమందిని చంపినవి మట్టి అడుసుతో కట్టిన మందపాటి రాతి గోడలు, వాటి మీది బరువైన మట్టి మిద్దెలు. అటువంటి గోడలు, అటువంటి మిద్దెలు మన పల్లెల్లో ఇప్పటికీ ఉన్నందువల్లనే నాకు ఈ పేజీ రాయాలనిపించింది.

సిమెంటు, ఇనుము దండిగా వేసి గట్టిగా కడితే చాలదా? సాగడం ఎందుకు?

గట్టిదనం అవసరమే, కానీ భూకంపం తెచ్చే బలం బయటి నుంచి వచ్చి గుద్దే బలం కాదు. నేల పక్కకు జరిగినప్పుడు పైనున్న బరువు తాను ఉన్నచోటనే ఉండిపోవాలని చూస్తుంది, ఆ పెనుగులాటే గోడలను చీలుస్తుంది. అందువల్ల బరువు పెరిగేకొద్దీ బలమూ పెరుగుతుంది. కట్టడం బిగుతుగా ఉండి వేగంగా ఊగేదైతే సాధారణంగా మరింత పెరుగుతుంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. 9 మీటర్ల ఎత్తు, 9 మీటర్ల వెడల్పు, ఇటుక గోడలు ఉన్న మూడంతస్తుల కాంక్రీటు ఇల్లు ఒకసారి అటూ ఇటూ ఊగడానికి పట్టే కాలం ఐఎస్ 1893 సూత్రం ప్రకారం సుమారు 0.27 సెకను. రాతి నేల మీద ఇంత వేగంగా ఊగే కట్టడానికి ఆ ప్రమాణంలోని స్పందన గుణకం, అంటే నేల త్వరణం కట్టడంలో ఎన్ని రెట్లు అవుతుందో చెప్పే అంకె, 2.5. అదే ఇంటిని ఏదో ఒక ఉపాయంతో రెండు సెకన్లకు ఒకసారి నింపాదిగా ఊగేలా చేయగలిగితే గుణకం 0.5కు దిగుతుంది, అంటే బలం ఐదో వంతు అవుతుంది. మెత్తని నేల మీద ఈ లాభం తగ్గిపోతుంది. అక్కడ రెండు సెకన్ల దగ్గర గుణకం 0.83 చుట్టూ ఉంటుంది. చంద్రగిరి వైపు కొండ పాదాల్లో రాయి తగిలే నేలకూ, చెరువు పూడ్చి వేసిన లేఅవుటుకూ ఉన్న తేడా ఇక్కడే బయటపడుతుంది. స్థలం కొనేటప్పుడు ముఖద్వారం దిక్కు గురించి అడిగినంత శ్రద్ధగా కింద ఉన్న మట్టి గురించి కూడా అడగాలి.

నింపాదిగా ఊగడానికి ఒక మూల్యం ఉంది. బలం తగ్గుతుంది కానీ జరిగే దూరం పెరుగుతుంది. ఆ దూరాన్ని హద్దులో ఉంచడానికే కట్టు కావాలి.

రబ్బరు బేరింగుల మీద భవనం నిలబడడం ఎలా సాధ్యం?

ఆ దిమ్మ మొత్తం రబ్బరు కాదు. పలుచటి రబ్బరు పొరలను, ఉక్కు రేకులను ఒకదాని మీద ఒకటి పేర్చి వేడితో, ఒత్తిడితో అతికిస్తారు. ఉక్కు రేకులు రబ్బరును పక్కలకు ఉబ్బనివ్వవు కనుక పైనుంచి వచ్చే బరువుకు దిమ్మ దాదాపు కుంగదు, పక్కకు తోసినప్పుడు మాత్రం తేలికగా ఒరుగుతుంది. నడిమధ్యన సీసపు కడ్డీ దించితే అది ఒరిగిన ప్రతిసారీ నలిగి ఊపులోని శక్తిని వేడిగా మార్చేస్తుంది. సీసం మామూలు వేడిమిలోనే తన లోపలి అమరికను తిరిగి సర్దుకుంటుంది కనుక ఒక భూకంపంతో అది పనికిరాకుండా పోదు. చిన్న గాలులకు భవనం కదలకుండా పట్టి ఉంచేదీ ఆ సీసమే. 1970లలో న్యూజిలాండ్‌లో బిల్ రాబిన్సన్ ఈ పద్ధతిని రూపొందించారు, వెల్లింగ్టన్ నగరంలోని విలియం క్లేటన్ భవనం ఇలాంటి బేరింగుల మీద నిలిచిన తొలి భవనం.

మన దేశంలో చెప్పుకోదగిన ఉదాహరణ భుజ్‌లో ఉంది. 2001 జనవరి 26 భూకంపంలో కూలిన జిల్లా ఆసుపత్రి స్థానంలో కట్టిన కొత్త ఆసుపత్రిని సీసం, రబ్బరు బేరింగుల మీద నిలిపారు. ఇలాంటి భవనాల కోసం ఐఎస్ 1893లో ఆరో భాగం 2022లో విడిగా వచ్చింది.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. బేరింగుల మీద ఉన్న భవనం చుట్టూ అది స్వేచ్ఛగా కదలడానికి కందకం లాంటి ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీని దాటే నీటి పైపులు, విద్యుత్ తీగలు, మెట్లు, ర్యాంపు అన్నీ వంగేలా లేదా జరిగేలా ఉండాలి. ఎవరో ఒకరు అందులో చెత్త నింపినా, మోటారు సైకిళ్లు ఎక్కడానికి కాంక్రీటు పోసినా కోట్లు పెట్టి చేసిన ఏర్పాటు ఆ ఒక్క చోట ఆగిపోతుంది. మన ఊళ్లలో సందు కనబడితే పూడ్చే అలవాటు ఉంది కనుక, ఆ ఖాళీ ఎందుకున్నదో చెప్పే బోర్డును గోడ మీద రాయించి పెట్టడం అవసరమని నా అభిప్రాయం.

మా రెండంతస్తుల ఇంటికి అవి పెట్టించాలా?

అవసరం లేదు. ఆ డబ్బును మంచి పునాదికి, పిల్లర్లలో దగ్గర దగ్గరగా వేసే రింగులకు, వాటి కొనలను 135 డిగ్రీలకు మడిచి లోపలికి దించే పనికి ఖర్చు పెట్టండి. కాంక్రీటు కట్టడాల్లో ఇనుము అమరిక గురించిన ప్రమాణం ఐఎస్ 13920 చెప్పేది అదే.

మా అపార్టుమెంటులో కింద అంతా పార్కింగు, గోడలే లేవు. కింద మెత్తగా ఉంది కనుక అది కూడా సాగే కట్టులాగే పనిచేస్తుందా?

చేయదు, దయచేసి అలా అనుకోవద్దు. చదువుకున్నవారు కూడా ఈ ప్రశ్న వేస్తుంటారు కనుక కొంచెం వివరంగా చెబుతాను. రబ్బరు బేరింగు ఒరగడానికి పుట్టింది. తనకు లెక్కగట్టిన హద్దు దాకా ఒరిగినా బరువు మోస్తుంది, మళ్లీ తన స్థానానికి వస్తుంది. స్టిల్ట్ అంతస్తులోని, అంటే గోడలు లేకుండా పిల్లర్ల మీదనే నిలిచిన కింది అంతస్తులోని పిల్లరు ఒరగడానికి తయారైనది కాదు. పై అంతస్తులన్నీ ఇటుక గోడలతో పెట్టెలాగా బిగిసి ఉండగా, కదలిక మొత్తం కింది పిల్లర్ల తలల్లో, పాదాల్లో కేంద్రీకృతమై అక్కడి కాంక్రీటు నలిగిపోతుంది. 2001 భూకంపానికి కేంద్రం నుంచి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాదులో పదుల సంఖ్యలో బహుళ అంతస్తుల భవనాలు కూలాయి, వాటిలో చాలావాటికి కింది అంతస్తు ఇలాగే ఖాళీగా ఉండేది. 2016 సంచికలో అహ్మదాబాదు కూడా మూడో జోన్‌లోనిదే.

ఇప్పటికే కట్టిన భవనంలో అయితే కొన్ని అరల్లో కాంక్రీటు గోడలు లేదా ఉక్కు ఏటవాలు కడ్డీలు చేర్చడం, పిల్లర్లకు కాంక్రీటు తొడుగు వేయడం వంటి మార్గాలున్నాయి. ఏటవాలు కడ్డీలతో పాటు డ్యాంపర్లు కూడా పెట్టవచ్చు. మోటారు సైకిలు షాక్ అబ్జార్బరులో నూనె సన్నని రంధ్రాల గుండా దూరుతూ కుదుపును మింగేసినట్టే, డ్యాంపరు కూడా ఊపులోని శక్తిని మింగుతుంది. ఇప్పటికే ఉన్న కాంక్రీటు భవనం బలాన్ని పరీక్షించడానికి ఐఎస్ 15988 ప్రమాణం ఉంది. సంఘం సమావేశంలో రంగుల ఖర్చు కన్నా ముందు ఈ పరీక్ష ఖర్చు గురించి మాట్లాడుకోవడం మంచిది.

పల్లెలో మా తాతల నాటి రాతి గోడల మిద్దె ఉంది. దాన్ని కూల్చకుండా కాపాడుకునే దారి ఉందా?

ఉంది. రాతి గోడ నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది, లాగుడును ఓర్చుకోదు. పైగా మన పాత గోడలు చాలా వరకు లోపలొక వరుస, బయటొక వరుస, నడుమ చిన్న రాళ్లు, మట్టి నింపినవి. ఊగినప్పుడు ఈ రెండు వరుసలు వేటికవి విడిపోయి, బయటిది వీధిలోకి, లోపలిది నిద్రపోతున్నవారి మీదికి పడతాయి. కొత్తగా కట్టేటప్పుడైతే గోడ మందమంతా పట్టే పొడుగు రాయిని ఎత్తులో ప్రతి 600 మిల్లీమీటర్లకు, పొడవున 1.2 మీటర్లకు మించకుండా పెట్టాలని ఇలాంటి తక్కువ బలం గల గోడల ఇళ్ల గురించిన ప్రమాణం ఐఎస్ 13828 చెబుతుంది. మా ప్రాంతపు ముసలి మేస్త్రులకు ఈ సంగతి తెలుసు. తొందర పనుల్లోనే అది పోయింది.

ఉన్న గోడకు వల తొడగవచ్చు. పార్శిల్ డబ్బాలకు చుట్టే పాలీప్రొపిలీన్ పట్టీలను నిలువుగా, అడ్డంగా అల్లి వలగా చేసి, గోడకు లోపలా బయటా పరిచి, గోడలో బెజ్జాలు వేసి రెండు వలలనూ ఒకదానికొకటి కట్టి, పైన గార పూసే పద్ధతిని టోక్యో విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ కిమిరో మెగురో బృందం అభివృద్ధి చేసింది. నేపాల్, పాకిస్తాన్‌లలో దాన్ని ఇళ్ల మీద చేసి చూపారు. పెరూ దేశపు కాథలిక్ విశ్వవిద్యాలయంలో మట్టి ఇటుకల ఇళ్లకు నైలాన్ తాళ్లను ఇదే విధంగా చుట్టి, టర్న్ బకిల్‌తో (తిప్పితే తాడును బిగించే మరతో) బిగించి, కదిలే బల్ల మీద పరీక్షించారు. గోడ పగలకుండా ఆపడం ఈ వలల పని కాదు. గోడ పగులుతుంది, ముక్కలవుతుంది; ఆ ముక్కలు విడిపోకుండా వల సంచిలాగా పట్టి ఉంచుతుంది, ఇంట్లోవాళ్లు బయటపడడానికి సమయం దొరుకుతుంది. నా దృష్టిలో మన పల్లెలకు అన్నిటికన్నా పనికొచ్చే సాగే కట్టు ఇదే, ఎందుకంటే సరుకు చవక, పని ఊరి మేస్త్రి చేతికి లొంగేది.

చేసేటప్పుడు మూలల దగ్గర వలను ఆపకుండా మలుపు తిప్పి రెండో గోడ మీదికి తీసుకుపోవాలి, కిటికీల అంచుల్లో మడిచి లోపలి వలతో కలపాలి, పైన దూలాలకు, కింద పునాది వరుసకు కట్టాలి. అన్నిటికన్నా ముందు మిద్దె బరువు దించాలి. నీళ్లు కారుతున్నాయని ఏటేటా మట్టి వేస్తూ పోయిన మిద్దెలు నేను చాలా చూశాను. 20 చదరపు మీటర్ల గది మీద 10 సెంటీమీటర్ల మందాన అదనపు మట్టి ఉంటే అది మూడు టన్నులకు పైమాటే.

ప్లాస్టిక్ పట్టీ మన ఎండలకు నిలుస్తుందా?

బయటికి కనబడేలా వదిలితే నిలవదు, పెళుసుబారుతుంది. గార కింద పూర్తిగా కప్పాలి, గార ఊడిన చోట వెంటనే మళ్లీ పూయాలి.

మిద్దె మీది నీళ్ల ట్యాంకుకు ఏం చేయాలి?

వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే ఒక టన్ను బరువు. దాన్ని నాలుగు ఇటుకల మీదో, ఊగే ఇనుప స్టాండు మీదో, అదీ వీధి వైపు పిట్టగోడ పక్కన పెట్టడం మన ఊళ్లలో అందరూ చేసే పని. భూమి కదలిక ఇంటి పై అంతస్తుకు చేరేసరికి పెద్దదవుతుంది కనుక ట్యాంకు బరువులో కనీసం సగం బలంతో పక్కకు లాగినా తట్టుకునేలా కట్టు ఉండాలని నేను చెబుతుంటాను.

మొదట ట్యాంకు అడుగంతా ఆనే చదునైన కాంక్రీటు దిమ్మ పోయించి, దాన్ని కింది బీములతో కలపాలి. తరువాత ట్యాంకు భుజం మీద రబ్బరు ముక్కలు పరిచి పట్టీ వేసి, దాని నుంచి నాలుగు వైపులకు జింకు పూత ఉన్న ఉక్కు తీగతాళ్లను ఏటవాలుగా దించి స్లాబు కింద బీము ఉన్నచోట బోల్టులకు కట్టాలి. పిట్టగోడకు కట్టకూడదు, అది ట్యాంకుకన్నా ముందు పడుతుంది. తీగతాడు కొనను మడిచినప్పుడు లోపల థింబుల్ (తాడు నలగకుండా కాపాడే గాడి ఉన్న లోహపు కన్ను) పెట్టి, కనీసం మూడు క్లిప్పులు వేయాలి. ఈ క్లిప్పుల దగ్గరే ఎక్కువ తప్పులు కనిపిస్తాయి: యు ఆకారపు బోల్టు తాడు యొక్క పొట్టి కొన మీద, గాడి ఉన్న దిమ్మ బరువు లాగే పొడుగు తాడు మీద రావాలి. తిప్పి వేస్తే బోల్టు పొడుగు తాడునే నలిపి దాని బలాన్ని తీసేస్తుంది. తాడును వీణ తీగలాగా బిగించనవసరం లేదు, చేత్తో ఊపితే కొద్దిగా కదలాలి.

చివరగా పైపు. ట్యాంకు నుంచి దిగే గొట్టం బిగుతైన ప్లాస్టిక్‌దైతే ట్యాంకు రెండు సెంటీమీటర్లు జరిగినా మెడ దగ్గర విరుగుతుంది. అక్కడ ఒక మూర పొడవు వంగే గొట్టం వేయించుకోండి.

ఇంట్లోని బీరువా, గ్యాస్ సిలిండరు సంగతేమిటి?

బీరువా తలను గోడకు రెండు నైలాన్ పట్టీలతో కట్టండి, గోడలో మేకు కాకుండా విస్తరించే బోల్టు వాడండి. నిండు సిలిండరుకు నడుము దగ్గర గొలుసు చాలు. మంచానికి పైన బరువైన అటక సామాను పెట్టవద్దు.

ఆసుపత్రిలో జనరేటరును స్ప్రింగుల మీద పెట్టారు. అది భూకంపానికి సరిపోతుందా?

ఆ స్ప్రింగులు యంత్రం అదురు నేలకు చేరకుండా పెట్టినవి. భూమే కదిలినప్పుడు, చుట్టూ హద్దు లేకపోతే, అవే యంత్రాన్ని ఎగరేసి దిమ్మ మీద నుంచి దించేస్తాయి. అందువల్ల స్ప్రింగుల పక్కన రబ్బరు పూసిన ఉక్కు అడ్డులు పెట్టాలి. మామూలు అదురుకు అవి తగలకూడదు, కొన్ని మిల్లీమీటర్లు దాటితే మాత్రం ఆపాలి. పైకప్పు నుంచి వేలాడే ఆక్సిజన్, నీటి గొట్టాలకు తీగతాళ్లు కట్టేటప్పుడు అవి లాగగలవే గాని తోయలేవని గుర్తుంచుకుని ఎప్పుడూ ఎదురెదురు జంటలుగా కట్టాలి. ఐఎస్ 1893 ఆసుపత్రులకు 1.5 ప్రాధాన్య గుణకం ఇచ్చింది, అంటే మామూలు ఇంటికన్నా ఒకటిన్నర రెట్ల బలానికి రూపకల్పన. గోడలు నిలిచి ఆక్సిజన్ గొట్టం తెగితే ఆ ఒకటిన్నర వల్ల రోగికి ఏ మేలూ లేదు.

పైవంతెన స్తంభాల మీద నల్లటి దిమ్మలు కనిపిస్తాయి. అవి భూకంపం కోసమేనా?

ప్రధానంగా ఎండ కోసం. 30 మీటర్ల కాంక్రీటు దూలం 30 డిగ్రీల వేడి మార్పుకు సుమారు 11 మిల్లీమీటర్లు పెరుగుతుంది, తగ్గుతుంది. రబ్బరు బేరింగు ఆ కదలికకు చోటిస్తుంది. భూకంపంలో దూలం అంతకు ఎన్నో రెట్లు జరిగి స్తంభం తల మీద నుంచి జారిపోయే ప్రమాదం ఉంది కనుక ఆనే చోటు వెడల్పుగా ఉండాలి, పక్కల కాంక్రీటు అడ్డులు ఉండాలి. 1971లో శాన్ ఫెర్నాండో భూకంపంలో వంతెన దూలాలు జారి పడ్డాక కాలిఫోర్నియాలో పాత వంతెనల కీళ్ల దగ్గర ఉక్కు తీగతాళ్లు బిగించడం మొదలుపెట్టారు. వేడికి సాగే మేర తాడును వదులుగా ఉంచి, ఆ పైన లాగితే పట్టేలా అమరుస్తారు. 1989 లోమా ప్రియెటా భూకంపంలో శాన్‌ఫ్రాన్సిస్కో బే బ్రిడ్జి పై అంతస్తులో 15 మీటర్ల ముక్క కింది రోడ్డు మీద పడింది. బోల్టులు తెగాయి, దూలం ఆనిన చోటు ఆ కదలికకు చాలలేదు.

పాత గుడి మండపాలకు, గోపురాలకు ఇవి పనికొస్తాయా?

చాలా జాగ్రత్తగా మాత్రమే. సున్నం కూడా లేకుండా రాయి మీద రాయి పేర్చిన మండపం స్వతహాగా సాగే కట్టడమే. స్తంభాలు కొద్దిగా ఒరిగి మళ్లీ కుదురుకుంటాయి. విడిగా నిలిచిన 3 మీటర్ల ఎత్తు, అర మీటరు వెడల్పు గల రాతి స్తంభం పాదం ఎత్తాలంటే నేల త్వరణం గురుత్వంలో ఆరో వంతు దాటాలి. అప్పుడు కూడా అది వెంటనే పడదు. ఇలాంటి మండపాన్ని బాగుచేస్తున్నామని కీళ్లలో సిమెంటు నింపి, పైన కాంక్రీటు స్లాబు పోస్తే బరువు పెరుగుతుంది, రాళ్లకు సర్దుకునే వీలు పోతుంది. మామూలు ఇనుప కడ్డీలు దించితే తుప్పు పట్టి ఉబ్బి రాతినే చీలుస్తాయి. దూలం బోదె (స్తంభం తల మీది రాయి) మీద నుంచి జారకుండా తుప్పు పట్టని ఉక్కు పట్టీలను, రాతికి హాని లేకుండా తిరిగి తీయగలిగేలా అమర్చడం సరైన దారి.

గోపురాల్లో కింద రాతి అంతస్తు, పైన ఇటుక, సున్నం అంతస్తులు ఉంటాయి. ఈ రెండు కలిసేచోట, ద్వారాల మీది పగుళ్లలో జబ్బు మొదలవుతుంది. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన శ్రీకాళహస్తి రాజగోపురం 2010 మే 26న ఏ భూకంపమూ లేకుండానే కూలిన రాత్రి మన ప్రాంతంలో ఎవరూ మరిచిపోలేదు. పగులు పెరుగుతున్నదో లేదో కొలిచే సాధనం పెట్టి, ఋతువులన్నీ గడిచేదాకా చూసి, ఆ తరువాతే ఏ కట్టు వేయాలో నిర్ణయించాలి. రక్షిత కట్టడమైతే పురావస్తు శాఖ అనుమతి లేకుండా ఒక మేకు కూడా కొట్టకూడదు.

వేసిన కట్లను ఎంత తరచుగా చూసుకోవాలి?

వానాకాలానికి ముందొకసారి, తరువాత ఒకసారి చూడండి. తీగతాడులో తెగిన పోచలు, క్లిప్పు దగ్గర తుప్పు, రబ్బరులో నెర్రెలు, వల మీది గారలో ఊడిన ముక్కలు వెదకాలి. క్లిప్పు నట్లను కట్టిన కొద్ది రోజులకే ఒకసారి మళ్లీ బిగించాలి, ఎందుకంటే తాడు లాగుడుకు సన్నబడి అవి వదులవుతాయి. చిన్న ప్రకంపన వచ్చినా, గిన్నెలు మోగడం తప్ప ఏమీ కాలేదనిపించినా, ఆ రోజే పైకెక్కి ట్యాంకు తన కింద గీసిన గుర్తు నుంచి జరిగిందేమో చూడండి. ఆ గుర్తును ఈరోజే రంగుతో గీసి పెట్టుకోవాలి.